తప్పు చేస్తున్న స్నేహితుడికి ఎలా చెప్పాలి?

ప్రియమైన పిల్లలకు,

ప్రభువైన యేసు నామంలో మీకు శుభములు.

సండే స్కూల్ అయ్యాక మీలో కొందరు అడిగినదానికి జవాబుగా ఇది రాస్తున్నాను. "స్నేహితుడు తప్పు చేస్తున్నాడని తెలుసు. చెబితే దూరమవుతాడు, చెప్పకపోతే మనసు ఒప్పుకోదు. ఏం చేయాలి?" అని అడిగారు.

చెప్పాలి. అందులో నాకు సందేహం లేదు. ప్రేమ కలిగి సత్యం చెప్పమని ఎఫెసీ పత్రిక 4:15లో ఉంది. కొందరు ఇందులో సత్యాన్ని మాత్రం పట్టుకుని ఎదుటివాణ్ణి చీల్చి చెండాడతారు. ఇంకొందరు ప్రేమ పేరు చెప్పి నోరు మెదపరు. ఈ రెండోది మంచితనంలా కనిపిస్తుంది గానీ చాలాసార్లు అది ఉత్త భయం. "వాడేమనుకుంటాడో" అని ఆగిపోయామంటే, ఆ నిమిషంలో మన ధ్యాస వాడి మీద లేదు, మన మీదే ఉంది.

అంతియొకయలో జరిగింది గుర్తు చేసుకోండి. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచిన ఊరు అది. యేసు శిష్యుడైన పేతురు అక్కడ అన్యజనులైన, అంటే యూదులు కాని, విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాగానే జంకి, వాళ్లను విడిచి వేరుగా ఉండిపోయాడు. ఆయన్ని చూసి మిగతా యూదులూ అదే చేశారు. అందరికీ ఆదరణ చెప్పే బర్నబా కూడా! నిన్నటిదాకా పక్కన కూర్చుని తిన్న పెద్దాయన ఇవాళ మొహం చాటేస్తే ఆ విశ్వాసుల ప్రాణం ఎంత చివుక్కుమని ఉంటుంది? బంతిలో ఒకరిని వేరుగా కూర్చోబెడితే ఎంత గాయమవుతుందో మన ఊళ్లలో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

తోటి బోధకుడైన పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయం చదవండి. పేతురు పాత తప్పులేవీ అక్కడ తవ్వలేదు. కోడి కూయకముందు యేసును ఎరుగనని బొంకిన సంగతి ఎత్తలేదు. యూదుడవైన నీవే అన్యజనుల్లా నడుచుకుంటూ, అన్యజనులు యూదుల్లా బతకాలని ఎందుకు బలవంతం చేస్తున్నావు అని ఆ ఒక్క విషయమే అడిగాడు. తర్వాత ఏమైందో కూడా చూడండి. పేతురు రెండో పత్రిక చివర్లో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని ఉంటుంది. ఆ మాట చదివిన ప్రతిసారీ నా మనసు నిండిపోతుంది.

అయితే పౌలు అందరిలో అడిగాడు గదా అని మీరూ గ్రూపులో అడిగేయకండి. పేతురు చేసింది అందరి ముందూ జరిగింది, సంఘంలోని మిగతా యూదులు దాని వెంట నడిచారు. మామూలు తప్పులకు ప్రభువు చెప్పిన దారి మత్తయి 18:15లో ఉంది: నువ్వు వెళ్లు, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పు. వాడి పేరు లేకుండా వాడికే తగిలేలా వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం పెట్టడం ఈ దారి కాదు. "ఫలానా వాడి కోసం ప్రార్థించండి" అంటూ వాడి రహస్యం నలుగురి చెవిన వేయడం అంతకన్నా కాదు. దేవుని వాక్యాన్ని చాటుదెబ్బకు వాడుకోవడం నేను అసలు సహించలేను.

స్నేహితుడు ఫోన్‌లో క్రికెట్ బెట్టింగ్‌కు అలవాటు పడ్డాడనుకోండి. "నువ్వు పాడైపోయావు" అనకండి. చూసిందే చెప్పండి: "ఒరేయ్, ఫీజు డబ్బులు అందులో పెట్టావని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నీ గురించి నాకు భయంగా ఉంది. మీ నాన్నగారికి చెప్పేటప్పుడు నేనూ పక్కన ఉంటాను." ఆ చివరి మాట అనడానికి మనసు రాకపోతే ఆ రోజుకు ఆగి, ముందు వాడి కోసం ప్రార్థన చేయండి. కోపంతో తలుపు వేసుకున్నాడా, వేసుకోనివ్వండి. మర్నాడు ఎప్పటిలాగే పలకరించండి.

పెద్దవాళ్ల తప్పు కనబడినా చెప్పవచ్చు. వృద్ధుణ్ణి గద్దించక తండ్రిగా భావించి హెచ్చరించమని తిమోతికి పౌలు రాశాడు. గొంతు తగ్గించి, "అయ్యగారూ, ఒక మాట అడగనా?" అని మొదలుపెట్టండి.

ఒక్క విషయంలో మాత్రం ఇదేదీ వర్తించదు. ఎవరైనా మిమ్మల్ని గానీ మరో పిల్లను, పిల్లవాణ్ణి గానీ కొడుతున్నా, తాకరాని చోట తాకుతున్నా, బెదిరిస్తున్నా, వాళ్లతో ఒంటరిగా మాట్లాడటానికి వెళ్లవద్దు. వాళ్లు సంఘంలో ఎంత పెద్దవాళ్లైనా సరే. వెంటనే అమ్మకో, నాన్నకో, నమ్మకమైన టీచరుకో చెప్పండి. ఇంట్లో వినకపోతే 1098కి ఫోన్ చేయండి. సంఘం పరువు పోతుందని ఎవరైనా ఆపితే ఆ మాట లెక్కచేయకండి.

ప్రేమతో,
మీ తాతయ్య