ఉదయం నీళ్లు వేరు, మధ్యాహ్నం నీళ్లు వేరు

బీచ్ నీళ్లు స్నానానికి పనికొస్తాయా అని తేల్చడానికి ల్యాబ్‌లో ముఖ్యంగా వెతికేది ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియా కోసం. ఇది మనుషుల పేగుల్లో, జంతువుల పేగుల్లో ఉంటుంది. నీటిలో ఎక్కువగా కనిపించిందంటే మలం కలిసి ఉంటుందని అనుమానించాలి. 100 మిల్లీలీటర్లలో వీటి సగటు 35 దాటకూడదన్నది 2012లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చేసిన సిఫార్సుల్లో ఒకటి.

చిక్కంతా టైమ్‌తోనే. మామూలు పద్ధతిలో శాంపిల్‌ని దాదాపు 24 గంటలు వెచ్చగా ఉంచితేగానీ లెక్క తేలదు. రిపోర్టు చేతికొచ్చేసరికి అది నిన్నటి నీళ్ల సంగతి. ఈలోపు ఎండా, గాలీ, పోటూ తమ పని తాము చేసుకుపోతాయి.

అన్నిటికన్నా గట్టి దెబ్బ ఎండదే. అతినీలలోహిత కిరణాలు బ్యాక్టీరియా డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. తేటనీళ్లలో మిట్టమధ్యాహ్నం కొన్ని గంటల్లోనే చాలావరకు చచ్చిపోతాయి. రాత్రిపూట అవే రోజుల తరబడి బతకగలవు. అందుకే ఒకే చోట తెల్లవారుజామున తీసిన శాంపిల్‌కీ మధ్యాహ్నం తీసినదానికీ పొంతన ఉండకపోవచ్చు. అలలు బురదను రేపితే ఎండ లోపలికి దిగదు. ఆ మడ్డి నీళ్లే వాటికి గొడుగు.

వాన సంగతి అందరికీ తెలిసిందే: వీధుల్లోని మురికినంతా ఊడ్చి సముద్రంలో కలుపుతుంది. అంతగా తెలియనిది ఇంకోటుంది. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా తేలిక కాబట్టి, వరదనీరు వెంటనే కలిసిపోకుండా పైపైన పొరలా తేలుతుంది, గాలి ఒడ్డువైపు వీస్తే అక్కడే తచ్చాడుతుంది. వాన వెలిసి ఆకాశం తేటపడగానే జనం బీచ్‌కి బయల్దేరతారు, సరిగ్గా దిగకూడని సమయం అదే. కాలిఫోర్నియాలో వాన తగ్గాక 72 గంటలు నీళ్లలోకి వెళ్లొద్దంటారు.

ఇసుకను ఎవరూ అనుమానించరు. తడి ఇసుకలో బ్యాక్టీరియా ఎండకు దొరక్కుండా దాక్కుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరీ పైకి వచ్చి, మామూలుగా తడవని ఇసుకనూ అక్కడి పక్షి రెట్టలనూ కడిగి తీసుకుపోతుంది. దక్షిణ కాలిఫోర్నియాలోని 60 బీచ్‌ల లెక్కలతో 2005లో వెలువడిన అధ్యయనంలో, చాలాచోట్ల ఈ పెద్దపోటు రోజుల్లోనే ఎంటరోకాకస్ ఎక్కువగా కనిపించింది.

ఇక వేడి. పేగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియా సాధారణంగా చల్లని నీళ్లలోనే ఎక్కువ కాలం నిలుస్తుంది. విబ్రియో అనే మరో బ్యాక్టీరియా జాతులది పూర్తిగా తిరకాసు వ్యవహారం: సముద్రమే వాటి సొంతిల్లు, నీళ్లు వెచ్చబడేకొద్దీ పెరుగుతాయి. మురుగుతో వాటికి పనిలేదు. అందువల్ల ఎంటరోకాకస్ పరీక్షలో పాసైన నీళ్లలోనూ ఉండొచ్చు, ఒంటి మీద పచ్చిగాయం ఉంటే అందులోంచి లోపలికి వెళ్లొచ్చు.