పర్యావరణ రంగంలో తొలి ఉద్యోగం: విశాఖ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో ప్రయోగశాలలు, వ్యర్థజలాల శుద్ధి ప్లాంట్లు, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికల మధ్య పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి వేసవిలోనూ చివరి పరీక్షలు రాసిన విద్యార్థులు కొందరు సలహా కోసం వస్తుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు ఏటా మారినా, వాటి వెనుక ఉండే అపోహలు దాదాపు ఇవే.

అపోహ: ప్రకృతి మీద ప్రేమ ఉంటే చాలు, ఈ రంగంలో రాణించవచ్చు.

వాస్తవం: ప్రేమ ఉండడం మంచిదే కానీ, తొలి రెండు మూడేళ్లు మనకు జీతం వచ్చేది కొలిచినందుకు. ఉదాహరణకు, గాలిలోని పీఎం10 ధూళికి (పది మైక్రాన్లకు మించని సన్నని రేణువులకు) 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. దాన్ని కొలవాలంటే యంత్రాన్ని మేడ మీద పెట్టి రోజంతా నడిపి, అందులోని వడపోత కాగితాన్ని ముందూ తరువాతా తూచాలి. తేడా గ్రాములో కొద్ది భాగమే ఉంటుంది. నేను చేరిన కొత్తలో, ఒక ముసురు రోజున గాజువాకలోని ఒక మేడ మీద నుంచి తెచ్చిన కాగితాన్ని డెసికేటర్‌లో (తేమను పీల్చేసే మూత పాత్రలో) ఆరనివ్వకుండానే త్రాసు మీద పెట్టాను. సముద్రపు ఉప్పు కలిసిన మన ఊరి ధూళి తేమను బాగా పీలుస్తుంది కాబట్టి, ఒకే కాగితం నిమిషానికో బరువు చూపించింది. ఆ నమూనాను పక్కన పడేసి, యంత్రాన్ని మోసుకుని మళ్లీ మూడంతస్తులు ఎక్కవలసి వచ్చింది.

నీటి విషయంలోనూ అంతే. గెడ్డ (వాగు) నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తెలుసుకోవాలంటే సీసాలో నీరు పట్టిన వెంటనే, ఆ గట్టు మీదే, మాంగనస్ సల్ఫేటునూ క్షారంలో కలిపిన అయొడైడ్ ద్రావణాన్నీ పోయాలి. అడుగుకు దిగే మడ్డి గోధుమ రంగుకు తిరిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టు. ఊరి మధ్య మురుగు గెడ్డల దగ్గర ఆ తెల్లమడ్డిని చాలాసార్లు చూశాను. వాసనకు ముక్కు మూసుకుని దూరంగా నిలబడేవారికి ఈ పని కష్టం.

అపోహ: పర్యావరణ శాస్త్రంలోనే పట్టా ఉండాలి.

వాస్తవం: ఒక ప్రభావ అంచనా నివేదికకే గాలి, నీరు, శబ్దం, భూగర్భజలాలు, జీవవైవిధ్యం, సామాజిక స్థితిగతులు ఒక్కొక్కటీ ఒక్కో నిపుణుడు చూస్తారు. సివిల్, కెమికల్ ఇంజనీర్లకు, రసాయన, వృక్ష, జంతు, భూగర్భ శాస్త్రాలు చదివినవారికి అందరికీ చోటుంది.

అపోహ: ఉద్యోగమంటే కాలుష్య నియంత్రణ మండలిలోనే.

వాస్తవం: మండలిలో నియామకాలు ఎప్పుడో గానీ పడవు. 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం అనుమతులు పొందిన ప్రతి కర్మాగారమూ ఆ షరతులను అమలు చేయవలసిందే. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఆ అమలులోనే. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం పారిశ్రామికవాడ, పోర్టు, ఉక్కు కర్మాగారం, రిఫైనరీ ఉన్న ఈ ప్రాంతంలో నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లు ఇంట్లో కూర్చోవడం నా దృష్టిలో వృథా.

అపోహ: పరిశ్రమలో చేరితే కాలుష్యాన్ని కప్పిపుచ్చడమే పని.

వాస్తవం: ఒత్తిడి ఉండదని చెప్పను. లీటరుకు 30 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) అంకెను "కాస్త సర్దండి" అని ఒకచోట నన్నూ అడిగారు. నేను సంతకం పెట్టలేదు, మరుసటి ఏడాది ఆ పని మా సంస్థకు దక్కలేదు. అయితే మందులు, ఉక్కు, చమురు శుద్ధి, థర్మల్ విద్యుత్తు వంటి 17 రకాల పరిశ్రమలలో విడుదలలను నిరంతరం కొలిచే పరికరాలు నేరుగా మండలి సర్వర్లకు అనుసంధానమై ఉంటాయి కాబట్టి, మునుపటంత సులభంగా ఏదీ దాగదు. పైగా, శుద్ధి ప్లాంటులో రాత్రి షిఫ్టులో గాలి సరఫరా చేసే బ్లోయరు ఆగితే, నీటిని శుద్ధి చేసే లోపలి సూక్ష్మజీవులు చావకముందే దాన్ని గమనించవలసింది అక్కడ డ్యూటీలో ఉన్న కొత్త కుర్రవాడే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్జీ పాలిమర్స్ కర్మాగారపు నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీదికి వచ్చి ప్రాణాలు తీసిన తరువాత, ట్యాంకు వేడిని చూసి పుస్తకంలో రాసే పని చిన్నదని ఈ ఊళ్లో ఎవరూ అనలేరు.

అపోహ: ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఎన్ని ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఇంటర్వ్యూలో నేను వాటిని చూడను. నీటి ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మీటరును సరిచూడడం ఎలాగో అడుగుతాను.

అపోహ: ఇంగ్లీషు, కంప్యూటరు వస్తే చాలు.

వాస్తవం: ప్రభావ అంచనా నివేదిక ఇంగ్లీషులోనే ఉంటుంది. కానీ ప్రజాభిప్రాయ సేకరణకు ముందు దాని సారాంశాన్ని తెలుగులో కూడా ఇవ్వాలి, సభలో తెలుగులోనే సమాధానం చెప్పాలి. ఒక సభలో, శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదిలే పైపు గురించి నేను మీటర్లలో, డిఫ్యూజర్ల (నీటిని సముద్రంలో చెదరగొట్టే పైపు కొసల) భాషలో వివరిస్తూ ఉంటే, ముందు వరసలోని పెద్దాయన ఒకరు లేచి, "అది మా వలలేసే కాడికొస్తాదా రాదా, ఎన్ని బారల లోతో సెప్పు బాబూ" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ తరువాత నేను రాసిన సారాంశాలన్నిటిలోనూ మీటర్ల పక్కన, జాలర్లు లోతును కొలిచే బారల (చాచిన రెండు చేతుల పొడవు) లెక్క కూడా ఉంటోంది.