మొదటిసారి స్పోర్ట్స్ కార్డ్ షోకి వెళ్తున్నారా? టేబుల్ ఇవతలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులు కొనే, అమ్మే షోల్లో టేబుల్ పెట్టుకునే డీలర్‌ని నేను. షో మొదలైన అరగంటకే కొత్తగా వచ్చినవాళ్లెవరో నాకు తెలిసిపోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని అద్దాల పెట్టెలోకి వంగి చూస్తుంటారు. నేను తలెత్తి పలకరించబోయేసరికి పక్క టేబుల్‌కి జారుకుంటారు. ఇంకో రకం కొత్తవాళ్లు కూడా ఉంటారు. తలుపులు తీయగానే లోపలికొచ్చి, తెచ్చుకున్న డబ్బంతా మొదటి పది నిమిషాల్లో ఒక్క కార్డు మీద పెట్టేసి, మిగతా రోజంతా ఖాళీ జేబుతో తిరుగుతారు. ఆ బెరుకుకీ ఈ తొందరకీ కారణం ఒకటే. టేబుల్ ఇవతల కూర్చున్నవాడి లెక్క ఎలా ఉంటుందో తెలియదు. అది చెబితే నా వ్యాపారానికి వచ్చే నష్టమేమీ లేదు కాబట్టి చెప్పేస్తున్నా.

అపోహ: కార్డుల గురించి బాగా తెలిసినవాళ్లే షోకి వెళ్లాలి.

వాస్తవం: "నేను కొత్త. దీనికి ఇంత ధర ఎందుకు?" అని అడిగి చూడండి. మాలో ఎక్కువమంది కార్డులు దాచుకుంటూ దాచుకుంటూ డీలర్లయినవాళ్లే, అడిగితే ఆపకుండా చెబుతారు. మాకు చిరాకు వచ్చేది వేరే పనులకి. అడక్కుండా కార్డు చేతిలోకి తీసుకోవడం, స్లీవ్‌లోంచి (పలుచటి ప్లాస్టిక్ కవరులోంచి) బయటికి లాగడం, కూల్‌డ్రింక్ తెచ్చి అద్దం మీద పెట్టడం, ఇంకొకరు బేరం ఆడుతుండగా మధ్యలో దూరి "నేనింకొంచెం ఎక్కువిస్తా" అనడం. చూడాలనుకుంటే ఒక మాట అడగండి. అంచులు పట్టుకుని, టేబుల్ పైనే ఉంచి చూడండి. కింద పడితే మూల నలుగుతుంది. నలిగిన మూలకి ఎవరు డబ్బు కట్టాలన్న గొడవ ఎవరికీ వద్దు.

అపోహ: స్టిక్కర్ మీద ఉన్నదే ఆఖరి ధర. (దీనికి కవల అపోహ: ఎప్పుడూ సగానికి అడగాలి.)

వాస్తవం: రెండూ తప్పే. స్టిక్కర్ అనేది సంభాషణ మొదలుపెట్టడానికి. దాన్ని బేరీజు వేసుకోవడానికి మేము 'కాంప్స్' చూస్తాం. అంటే అదే కార్డు, అదే గ్రేడ్ (కార్డు స్థితికి వేసే మార్కు), ఈమధ్య నిజంగా ఎంతకి అమ్ముడుపోయిందనేది. ఈబేలో అమ్మకానికి పెట్టిన ధర చూసి లాభం లేదు, అక్కడ ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. 'సోల్డ్' ఫిల్టర్ పెట్టి అమ్ముడైనవే చూడండి. ధర మీద గీత కొట్టి ఉంటే అంతకంటే తక్కువకే ఒప్పుకున్నారని అర్థం. తేదీ కూడా చూడండి. ఆటగాడు సెంచరీల మీద సెంచరీలు కొడుతున్న వారంలోనో, జట్టు ఫైనల్‌కి చేరిన వారంలోనో పలికిన ధర ఆరు నెలల తర్వాత ఉండదు. షో ముందు రోజు రాత్రే మీక్కావలసిన కార్డుల లిస్టు రాసుకుని, పక్కనే కాంప్స్ వేసుకోండి. హాల్లో వేలమంది ఫోన్లు వాడుతుంటే సిగ్నల్ ఏడిపిస్తుంది.

బేరం ఎలా అంటారా? ఒక్క కార్డు మీద గీచి గీచి అడగడం కంటే మూడు నాలుగు కార్డులు పక్కన పెట్టి "ఇవన్నీ కలిపి ఎంతకిస్తారు?" అనడం నాకు చాలా ఇష్టం. అప్పుడు ఒకదాని మీద తగ్గినా ఇంకోదాని మీద సరిపోతుంది. ఒక్క మర్యాద మాత్రం మరవకండి. మీరు ధర చెప్పి నేను సరేనన్నాక "ఒక రౌండు తిరిగొస్తా" అనకూడదు. కొనే ఉద్దేశం ఉంటేనే అంకె చెప్పండి.

అపోహ: నా కార్డుకి మార్కెట్ ధర ఇవ్వని డీలర్ మోసగాడు.

వాస్తవం: ఇది వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. వంద విలువ చేసే కార్డు మీరు నాకు అమ్మితే, నేను మామూలుగా అరవై నుంచి ఎనభై మధ్య ఇస్తాను. మిగతాది నా జేబులోకే పోతుందనుకుంటారు. అందులోంచి టేబుల్ అద్దె కట్టాలి, ప్రయాణం ఖర్చు పెట్టుకోవాలి. కొన్న కార్డు ఆరు నెలలు పెట్టెలోనే పడి ఉండొచ్చు, ఈలోగా ఆటగాడికి మోకాలు గాయమవ్వొచ్చు. బాగా గిరాకీ ఉన్న కార్డయితే ఎక్కువే ఇస్తా, రేపే వెళ్లిపోతుందని తెలుసు కనుక. ఆన్‌లైన్‌లో మీరే అమ్ముకున్నా ఫీజులు, పోస్టేజీ పోతాయి, కొన్నవాడు తిప్పి పంపుతాడేమోనన్న టెన్షన్ వేరే. ఇవన్నీ తీసేసి చూస్తే తేడా మీరనుకున్నంత ఉండదు. డబ్బు వద్దు, కార్డుకి కార్డు ఇస్తామంటే మీ కార్డుకి ఇంకాస్త ఎక్కువ లెక్కగడతాం. అందుకే పాత డబుల్స్, అంటే ఒకే కార్డు రెండేసి ఉన్నవి, ఏమైనా ఉంటే వెంట తెచ్చుకోండి.

అపోహ: స్లాబ్‌లో ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: స్లాబ్ అంటే గ్రేడింగ్ కంపెనీ కార్డుని పరీక్షించి, 1 నుంచి 10 లోపు మార్కు వేసి సీలు చేసే గట్టి ప్లాస్టిక్ పెట్టె. అది మేలే, కాదనను. కానీ ఈ హాబీలో అందరికీ తెలిసిన కార్డు కథ వినండి. టీ206 అనే పాత బేస్‌బాల్ కార్డుల సెట్‌లోని, హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ఒకదాన్ని 1991లో ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ, భాగస్వామితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్నాడు. పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే, మార్కు 8. అంతకుముందు దాన్ని అమ్మిన డీలర్ బిల్ మాస్ట్రో, అంచులు కత్తిరించింది తనేనని 2013లో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకి మార్కే వేయకూడదు.

కాబట్టి స్లాబ్ మీదున్న సర్టిఫికెట్ నంబరుని అక్కడికక్కడే కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. కార్డు వివరాలు కలవాలి. ఫొటో ఉంటే ప్రింటు చుక్కలు, సెంటరింగ్ (బొమ్మ ఎంత నడిమధ్యన ఉందనేది) అన్నీ మీ చేతిలోదానితో పోల్చండి. నకిలీ స్లాబులు తయారుచేసేవాళ్లు అసలు నంబర్లనే కాపీ కొడతారు కనుక నంబరు దొరకడం ఒక్కటే సరిపోదు. పెట్టె అతుకుల దగ్గర తెల్లబడినా, గీరినట్టున్నా పక్కన పెట్టేయండి. ఇంకో మాట, ఒకే మార్కు పడ్డ రెండు కార్డులు ఒకేలా ఉండవు. ఒకదాని బొమ్మ నట్టనడుమ ఉంటుంది, ఇంకోదానిది పక్కకి జరిగి ఉంటుంది. చూసి నచ్చినదే తీసుకోండి.

స్లాబ్ లేని కార్డు, అంటే 'రా' కార్డు అయితే ఇంకా జాగ్రత్త. ఫ్లీర్ కంపెనీ 1986 బాస్కెట్‌బాల్ సెట్‌లోని 57వ నంబరు మైకేల్ జోర్డాన్ కార్డుకి ఉన్నన్ని నకిలీలు చాలా తక్కువ వాటికి ఉంటాయి. అలాంటిదాన్ని 'రా' కార్డుగా కొనొద్దనే నా సలహా. ఒక చిన్న భూతద్దం జేబులో ఉంచుకోండి. అసలు కార్డులో నల్లటి అక్షరాలు చాలావరకు నిండైన సిరాతో ఉంటాయి. స్కాన్ చేసి అచ్చేసిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. పాత కార్డయితే అదే సెట్‌లోని మామూలు కార్డు ఒకటి అడిగి పక్కన పెట్టి కొలవండి. నా మొదటి షోలో ఓ పాత కార్డు కొన్నప్పుడు నేనీ పని చేయలేదు. ఇంటికెళ్లి చూస్తే పక్కదానికంటే గోరు మందమంత పొట్టిగా ఉంది, మూలలు అంత పదునుగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది, అంచులు కత్తిరించారు. అమ్మినాయన మళ్లీ ఏ షోలోనూ కనబడలేదు. ఆ కార్డు ఇప్పుడు నా టేబుల్ కింద డబ్బాలో ఉంటుంది, అడిగినవాళ్లకి తీసి చూపిస్తా.

అపోహ: పాతది కదా, విలువ ఉంటుంది.

వాస్తవం: ప్రతి షోలోనూ ఒకరిద్దరు అటక మీది అట్టపెట్టె మోసుకొస్తారు. లోపల 1980ల చివరివీ, 1990ల మొదటివీ కార్డులుంటాయి. వాళ్ల ముఖంలో ఆశ చూస్తే చెప్పబుద్ధి కాదు. ఆ రోజుల్లో కంపెనీలు లెక్కలేనన్ని అచ్చేశాయి, జనం కూడా ఎప్పటికైనా పనికొస్తాయని పదిలంగా దాచారు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు కొంటారు? అదే టాప్స్ కంపెనీ 1952లో వేసిన, మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి, ఎస్జీసీ అనే గ్రేడింగ్ కంపెనీ 9.5 మార్కు వేసినది, 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. అప్పట్లో అమ్ముడుపోని పెట్టెలు తీసుకెళ్లి సముద్రంలో పారబోశామని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ చెప్పేవాడు. మిగిలినవాటిని పిల్లలు ఆడుకుని నలిపేశారు. పాతదవ్వడం ఒక్కటే చాలదు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్నవి కలిస్తేనే ధర.

అపోహ: సీలు తీయని ప్యాకెట్లు కొంటే జాక్‌పాట్.

వాస్తవం: సరదాకి ఒకటి చింపుకోండి, తప్పులేదు. పెట్టుబడి అనుకుంటే మాత్రం వద్దు. ఫలానా ఆటగాడి కార్డు కావాలంటే ఆ కార్డే కొనుక్కోవడం చవక. పాత ప్యాకెట్లని బరువు తూచి మంచివి ఏరుకున్నాక మిగిలినవి అమ్మడం, తెరిచి మళ్లీ అతికించడం, ఈ రెండు మోసాలూ ఉన్నాయి.

అపోహ: తలుపులు తీయగానే వెళ్లకపోతే మంచివన్నీ అయిపోతాయి.

వాస్తవం: అరుదైనవి వెతుకుతుంటే పొద్దున్నే రండి. ధర తగ్గాలంటే చివరి రోజు మధ్యాహ్నం, మేము పెట్టెలు సర్దుకునే ముందు రండి. మోసుకెళ్లడం తప్పుతుందని కొన్ని వదిలేస్తాం. ఎప్పుడొచ్చినా మొదటి రౌండు ఏమీ కొనకుండా తిరగండి. ఒకే కార్డు మూడు టేబుళ్ల మీద మూడు ధరలకి కనబడుతుంది. నచ్చినచోట టేబుల్ నంబరు రాసుకోండి, లేదంటే అన్ని వరసలూ ఒకేలా ఉండి మళ్లీ దొరకదు.

నగదు తెచ్చుకోండి, అందులోనూ చిన్న నోట్లు. యాప్‌లో కట్టేటప్పుడు స్నేహితులకి పంపే పద్ధతిలో పంపితే గొడవొచ్చినప్పుడు డబ్బు వెనక్కి రావడం కష్టం. పది పెన్నీ స్లీవ్‌లు, పది టాప్ లోడర్లు (గట్టి ప్లాస్టిక్ కవర్లు) బ్యాగులో ఉంచుకోండి. కార్డుని ముందు మెత్తటి స్లీవ్‌లో పెట్టి ఆ తర్వాతే టాప్ లోడర్‌లోకి దించాలి, నేరుగా తోస్తే మూలలు పోతాయి. బ్యాగు ముందుకి వేసుకోండి. వీపున ఉంటే మీరు తిరిగినప్పుడల్లా ఎవరిదో టేబుల్ ఊడుస్తుంది.

ఇంకా బెరుకుగా ఉంటే డాలర్ బాక్సుల దగ్గర మొదలుపెట్టండి. ఏ కార్డు తీసినా ఒకటే ధర, బేరం అక్కర్లేదు, గంటసేపు ఏరుకున్నా ఎవరూ ఏమనరు. మీరు ఏరుతుంటే పక్కన నిలబడ్డవాడు "ఎవరికోసం వెతుకుతున్నారు?" అని అడుగుతాడు. చెప్పండి. వాడి పెట్టెలో అది ఉండే ఉంటుంది.