మాత్ర కన్నా ముందే తగ్గే భయం

గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. పానిక్ అటాక్ సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆపై తనంతట తానే దిగుతుంది. ఆందోళన తగ్గించడానికి మింగే ఆల్ప్రజోలం మాత్ర ప్రభావం తెలియడానికి సుమారు అరగంట పడుతుంది. రక్తంలో అది గరిష్ఠ స్థాయికి చేరేది 1-2 గంటలకు. అంటే చాలాసార్లు మందు దారిలో ఉండగానే ఉధృతి తగ్గిపోతుంది, పేరు మాత్రం మందుకే వస్తుంది. ఆ తర్వాత జేబులో మాత్ర లేనిదే గడప దాటడానికి ధైర్యం చాలదు.

అలాగని మందు ఉత్తుత్తిది కాదు. నాడీకణాల ఉద్రేకాన్ని అణిచే సహజ రసాయనం గాబా. అది కణం మీద తనను అందుకునే చోటుకు, అంటే తన గ్రాహకానికి అతుక్కోగానే కణంలోకి క్లోరైడ్ అయాన్ల ద్వారం తెరుచుకుంటుంది, కణం శాంతిస్తుంది. ఆల్ప్రజోలం చెందిన మందుల కుటుంబం, బెంజోడయాజిపైన్లు, అదే గ్రాహకం మీద వేరేచోట చేరి, ఆ ద్వారం మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. గాబా లేనిదే వాటి ఆట సాగదు. అంతకుముందు వాడిన బార్బిచురేట్లనే మత్తుమందులు పెద్ద మోతాదులో గాబా లేకున్నా ద్వారం తెరిచేవి, శ్వాసను ఆపేవి. అందుకే రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన తొలి బెంజోడయాజిపైన్ క్లోర్డయాజిపాక్సైడ్ 1960లో, డయాజిపామ్ 1963లో వచ్చినప్పుడు వైద్యులు సంబరపడ్డారు. కాస్త ఎక్కువే సంబరపడ్డారు. మద్యంతోనో మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులతోనో కలిస్తే ఇవీ ప్రాణాంతకమే.

మరి వీటి చోటు ఎక్కడ? ఆందోళనకు ముందుగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తొలి రోజుల్లో కలవరం పెరగనూవచ్చు. తీవ్రంగా బాధపడేవారికి ఆ వ్యవధిలో 2 నుంచి 4 వారాలు ఇవి ఆసరా. భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూ భయం పోగొట్టే ప్రవర్తనా చికిత్సకు మాత్రం అడ్డు కావచ్చు. లిఫ్టంటే భయపడే మనిషి మాత్ర వేసుకుని పైకి వెళ్తే, లిఫ్టు ప్రమాదకరం కాదని మెదడు నేర్చుకోదు, మాత్ర ఉంది కాబట్టి బతికానని నేర్చుకుంటుంది.

నెలల తరబడి వాడితే మెదడు మందుకు అలవాటు పడుతుంది. హఠాత్తుగా మానేస్తే ఆందోళన మునుపటికన్నా ఉద్ధృతంగా వస్తుంది, మూర్ఛలూ రావచ్చు. దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెట్టేవారు ఎందరో. ఆల్ప్రజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కనుక, కొందరికి వైద్యులు ముందు నిదానంగా తగ్గే డయాజిపామ్‌కు మార్చి, మోతాదును వారాలు, నెలలపాటు కొద్దికొద్దిగా కోస్తారు. చాలామందికి కష్టమయ్యేది చివరి చిన్న మోతాదులే, తొందరపడకూడనిదీ అక్కడే.