కాలిపోయింది సగమే: ఐర్లాండు జనాభా లెక్కల్లో పోయిన ఊళ్లు

తాతముత్తాతలు ఐర్లాండులో ఏ ఊళ్లో పుట్టారో వెతకబోయే ప్రతివారికీ మొదట వినిపించే మాట, 1922లో డబ్లిన్‌లో రికార్డులన్నీ తగలబడిపోయాయని. ఇందులో నిజం సగమే. 1821 నుంచి 1891 దాకా పదేళ్లకోసారి ఎనిమిదిసార్లు అక్కడ జనాన్ని లెక్కపెట్టారు. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలోని రికార్డుల భవనం పేలి కాలిపోయినప్పుడు పోయినవి మొదటి నాలుగే. వాటిలోనూ అక్కడక్కడా కొన్ని పుటలు మిగిలాయి. మిగతా నాలుగూ అప్పట్లో ఐర్లాండును ఏలిన బ్రిటిష్ ప్రభుత్వం చేతుల్లోనే పోయాయి. 1861, 1871 పత్రాలను లెక్క తేలిన కొద్దికాలానికే నాశనం చేయించారు. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కాగితం గుజ్జయ్యాయి. అదే లండన్ పాలనలో ఇంగ్లండు ఇంటింటి వివరాలు మాత్రం 1841 నుంచి భద్రంగా ఉన్నాయి. అగ్నిప్రమాదం కన్నా ఈ నిర్లక్ష్యమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

బ్రిటిష్ పాలన నాటి లెక్కల్లో పూర్తిగా మిగిలినవి 1901, 1911వే. ఐర్లాండు నేషనల్ ఆర్కైవ్స్ వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తోంది. కానీ ఆ ఫారాల్లో పుట్టిన చోటు గడిలో అడిగింది కౌంటీ పేరో, నగరం పేరో మాత్రమే. దేశంలో టౌన్‌ల్యాండ్ అనే చిన్న చిన్న భూభాగాలు అరవై వేలకు పైనే. 'గాల్వే' అని ఒక్క మాట రాసి ఉంటే, ఒకే ఇంటిపేరున్న కుటుంబాల మధ్య ఎక్కడని వెతుకుతాం? వలస వెళ్లిన చోట ఇంకా కష్టం. ఇంగ్లండు 1841 లెక్కల్లో ఐర్లాండులో పుట్టినవారికి 'ఐ' అనే ఒక్క అక్షరం పెట్టి ఊరుకున్నారు. అమెరికా 1850 నుంచి పుట్టిన చోటు అడిగినా, చాలావరకు రాసుకున్నది 'ఐర్లాండ్' అనే.

కాలిపోయిన లెక్కల్లోంచి కొన్ని కుటుంబాలు బయటపడటానికి కారణం పింఛను. 1909 జనవరి నుంచి డెబ్బై నిండిన పేదలకు వారానికి ఐదు షిల్లింగుల దాకా ఇవ్వసాగారు. అయితే ఐర్లాండులో అందరి జననాల నమోదు మొదలైందే 1864లో. ఆ ముసలివాళ్ల దగ్గర వయసుకు రుజువేది? అందుకని 1841, 1851 లెక్కల్లో వెతికించేవారు. దరఖాస్తుదారు తల్లిదండ్రుల పేర్లు, చిన్నప్పుడు ఉన్న టౌన్‌ల్యాండ్, పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), కౌంటీ ఫారంలో రాస్తే, గుమస్తా పాత పుస్తకం తీసి, ఆ ఇల్లు దొరికితే వివరాలు కింద రాసేవాడు, లేకపోతే దొరకలేదని రాసేవాడు. అసలు పుస్తకాలు కాలిపోయినా ఈ ఫారాలు మిగిలాయి. 1840ల మహాకరువు కాలం నాటి ఒక ఇల్లు ఇవాళ మనకు పేర్లతో కనిపిస్తోందంటే, ఒక ముసలామె ఐదు షిల్లింగుల కోసం అర్జీ పెట్టుకోవడం వల్లే. 1901కీ 1911కీ మధ్య చాలామంది వయసు పదేళ్ల కన్నా ఎక్కువ పెరగడం వెనక కూడా ఈ పింఛనే ఉందంటారు. కాబట్టి 1911 జనాభా ఫారాల్లోని వయసును గుడ్డిగా నమ్మకూడదు.

ఇవీ దొరకనివారు భూమి పన్నుల పుస్తకాలు తిరగేస్తారు. 1847–64 మధ్య తయారైన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో భూమి ఎవరి సాగులో ఉందో టౌన్‌ల్యాండ్ వారీగా ఉంటుంది. కుటుంబ సభ్యుల పేర్లు మాత్రం ఉండవు. అమెరికా వెళ్లినవారి సంగతైతే బోస్టన్ 'పైలట్' పత్రిక చూడాలి. తప్పిపోయిన అన్నదమ్ముల కోసం, భర్తల కోసం 1831 నుంచి 1921 దాకా అందులో ప్రకటనలు వేసేవారు. జనాభా లెక్కల గుమస్తా అడగని పారిష్ పేరు వీటిలో తరచూ కనిపిస్తుంది, అది చెప్పకపోతే తమవాడిని గుర్తుపట్టడం కష్టం గనక.