నాణేల మ్యాజిక్‌లో స్పీడ్ గోల

"మాస్టారూ, నా చెయ్యి ఇంకా స్పీడ్ అవ్వట్లేదు." క్లోజప్, అంటే ప్రేక్షకుల కళ్లెదుట దగ్గర్నుంచి చేసే మ్యాజిక్, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది మొదట అనే మాట ఇదే. మొన్న ఒకబ్బాయి ఆర్నెల్లు వేగం మీదే సాధన చేసి, మణికట్టు నొప్పితో వచ్చాడు. పాపం, అతన్ని తిట్టబుద్ధి కాలేదు. వేగమే ముఖ్యమని అతనికి చెప్పినవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: చెయ్యి కంటికంటే వేగంగా కదలాలి.

వాస్తవం: కదలకూడదు. చెయ్యి ఎంత చురుగ్గా కదిలించినా అది కదిలిందని కన్ను పట్టేస్తుంది. పైగా ఉన్నట్టుండి విసురుగా కదిలిన చేతి మీదే అందరి చూపూ పడుతుంది. మనవాళ్లు ఈ విద్యకి కనికట్టు అని పేరు పెట్టారు. కట్టాల్సింది కన్నుని, చేతికి పరుగు అక్కర్లేదు.

నాణెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చినట్టు నటించే ఫాల్స్ ట్రాన్స్‌ఫర్‌నే తీసుకోండి. కుడి వేళ్ల కొసన నాణెం. దాన్ని ఎడమ అరచేతిలో పెడుతున్నట్టు ఆనిస్తాం. ఎడమ వేళ్లు మూసుకుంటుండగా నాణెం కుడిచేతిలోనే ఫింగర్ పామ్‌లోకి, అంటే కాస్త వంచిన వేళ్ల లోపలికి, జారుతుంది. వేళ్లు మూసుకునే ముందు నాణెం మెరుపు కంటికి ఒక్క క్షణం ఆనాలి. అప్పుడే నాణెం అక్కడ ఉండిపోయిందని చూసేవాడి మనసు నమ్ముతుంది. తొందరపడితే ఆ క్షణమే పోతుంది. ఆ తర్వాత మీ చూపు ఎడమ పిడికిలి మీదే ఉండాలి. ఆ పిడికిలిలో నాణెం పట్టేంత ఖాళీ కనిపించాలి. కుడిచెయ్యి ఏ పనీ లేనట్టు కిందికి వాలిపోవాలి.

నేను అబ్బాయిలకు చెప్పే సాధన ఒక్కటే: పదిసార్లు నిజంగా పెట్టండి, పదకొండోసారి పెట్టినట్టు చెయ్యండి. చూసేవాడికి తేడా తెలిస్తే మళ్లీ మొదటికి.

ఇది నాకు తెలిసొచ్చింది ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో. చెయ్యి మెరుపులా తిప్పి పిడికిలి ముందుకు చాపాను. ముందు వరసలో ఏడేళ్ల పాప తాపీగా "ఆ చేతిలో లేదంకుల్, ఈ చేతిలో ఉంది" అంది. హాలంతా నవ్వు. ఇంటికెళ్లి వీడియో చూస్తే, నేనే రెండుసార్లు కుడిచేతి వంక చూసుకున్నాను. బొటనవేలు కర్రలా బిగుసుకుని ఉంది. ఆ పాపకి నా వేగంతో పనే లేకపోయింది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

చిన్న చేతులకి నాణేలు దాగవంటారు. పాతతరం మ్యాజిషియన్ మ్యాక్స్ మాలినీ (1873–1942) చేతులు చాలా చిన్నవి. ఆయన చేతిపనికి ఇప్పటికీ మ్యాజిషియన్లు దణ్ణం పెడతారు. 30.6 మిల్లీమీటర్ల అమెరికన్ హాఫ్ డాలర్ నాణెం క్లాసిక్ పామ్‌లో (అరచేతి మధ్య కండతో బిగించి దాచే పట్టులో) నిలవకపోతే ఫింగర్ పామ్ ఉంది, లేదా ఇంకొంచెం చిన్న నాణెం ఉంది.

గిమ్మిక్ నాణేలు, అంటే ట్రిక్ కోసమే తయారుచేసినవి, కొంటే సాధన అక్కర్లేదట! షెల్ (ఇంకో నాణెం మీద తొడుగులా కూర్చునే డొల్ల నాణెం) మంచి సాధనమే, కాదనను. కానీ "ఏదీ, ఇలా ఇవ్వండి" అని ప్రేక్షకుడు చెయ్యి చాపితే దాన్ని మార్చుకోవడానికి మళ్లీ హస్తలాఘవమే కావాలి.

అద్దం ముందు సాధన చాలనుకోకండి. అసలు పని జరిగే క్షణంలో మనకు తెలియకుండానే కళ్లు మూస్తాం, తప్పు మనకే కనపడదు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

చేతులు వణుకుతున్నాయని చాలామందికి టెన్షన్. నాకూ వణికేవి. మొదటి ట్రిక్ నాణేలు టేబుల్ మీద ఉండేదిగా పెట్టుకోండి, రెండో దానికి వణుకు చాలావరకు తగ్గుతుంది. చెమట పడుతోందని పౌడర్ మాత్రం రాసుకోవద్దు. క్లాసిక్ పామ్‌కి కాస్త తడే మేలు, పొడి చేతిలోంచే నాణెం జారుతుంది. పౌడర్ రాసుకున్న రోజు నా నాణెం సోఫా కిందికి దొర్లిపోతే, తీసిచ్చింది మళ్లీ ఓ పిల్లే.