1971లో పగ్గాలు ఎవరి చేతికి వెళ్లాయి? అమెరికా డ్రమ్ కోర్‌ల గొడవ వెనక కథ

2024 జనవరిలో ‘ది క్యాడెట్స్’ అనే డ్రమ్ కోర్ మూతపడింది. అప్పటి నుంచి అమెరికా యూత్ డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్‌ల (డ్రమ్ములు, బ్యూగిళ్లనే ఇత్తడి బాకాలు వాయిస్తూ మైదానంలో కవాతు చేసి పోటీపడే యువ బృందాల) గురించి ఏ వార్త వచ్చినా, ఫీజులైనా, రూల్స్ అయినా, పిల్లల భద్రత అయినా, చర్చ తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతోంది: వీటిని నడిపేవాళ్లను అడిగేవాళ్లు ఎవరు?

క్యాడెట్స్ అల్లాటప్పా కోర్ కాదు. 1934లో న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో, హోలీ నేమ్ చర్చి నీడలో పుట్టింది. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) నడిపే జాతీయ స్థాయి పోటీల్లో 10 టైటిళ్లు గెలిచింది. దశాబ్దాల కిందటి లైంగిక దాడి ఆరోపణపై దావా పడింది. దాని ఖర్చు భరించలేమని చెప్పి నిర్వాహకులు తలుపులు మూసేశారు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బ్యూగిళ్లతో ఈ సంప్రదాయం ఎలా మొదలైందన్న కథ చాలాచోట్ల దొరుకుతుంది. నేటి గొడవ అర్థం కావాలంటే 1971 దగ్గరికి వెళ్లాలి.

అప్పటిదాకా పెత్తనమంతా అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంఘాలదే. వాళ్ల వార్షిక మహాసభలతో పాటే జాతీయ పోటీలు జరిగేవి. రూల్స్ వాళ్లవే. పోటీకి ముందు యూనిఫాం, బూట్లు తనిఖీ చేసేవారు. ప్రదర్శన మొదలయ్యాక జడ్జి ప్యాడ్ పట్టుకుని డ్రమ్మర్ల వరసకు మొహం ఆనించినంత దగ్గరగా నడిచేవాడు. కర్ర ఒక్క క్షణం ముందు పడితే చాలు, ఒక గీత. ఒక్కో గీతకు పాయింటులో పదో వంతు కోత. దాన్నే ‘టిక్’ అనేవారు. పిల్లలకు టెన్షన్, డైరెక్టర్లకు తలనొప్పి. దేశం ఈ మూల నుంచి ఆ మూలకు బస్సులేసుకుని పోతే తిరుగు ఖర్చులకు కూడా డబ్బు గిట్టేది కాదు.

ఇక్కడే ‘కావలియర్స్’కు చెందిన డాన్ వారెన్, ‘ట్రూపర్స్’కు చెందిన జిమ్ జోన్స్ ముందుకొచ్చారు. బ్లూ స్టార్స్, మాడిసన్ స్కౌట్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్‌లను కలుపుకుని అయిదు కోర్‌ల జట్టు కట్టారు. పోటీలకు పిలిస్తే అందరినీ కలిపి పిలవాలి, తగిన డబ్బివ్వాలి, రూల్స్‌లో మా మాటకూ విలువుండాలి. ఇదీ వాళ్ల డిమాండ్. తూర్పున గార్‌ఫీల్డ్ క్యాడెట్స్ (నేటి ‘ది క్యాడెట్స్’ అప్పటి పేరు), బోస్టన్ క్రూసేడర్స్ సహా ఇంకో అయిదు కోర్‌లు అలాంటి కూటమే కట్టాయి. ఈ తిరుగుబాటు నుంచే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అంటే డీసీఐ పుట్టింది. 1972 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి చాంపియన్‌షిప్ జరిగింది. అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది.

డైరెక్టర్లు దీన్ని విముక్తి అంటారు. అందులో నిజం లేకపోలేదు. టిక్ పద్ధతి 1984లో పోయింది, సంగీతం ఎంతో ఎదిగింది. కానీ అప్పుడు జరిగిన ఇంకో మార్పు గురించి ఎక్కువ మంది మాట్లాడరు. కోర్‌ల మీద బయటి కన్ను అంటూ లేకుండా పోయింది. పోటీపడేవాళ్లే పోటీ నిబంధనలకు ఓటేస్తారు, ఆదాయం ఎలా పంచుకోవాలో వాళ్లే తేలుస్తారు. మాజీ సైనికుల సంఘాలు గొప్పగా చూసుకున్నాయని కాదు. కనీసం వాళ్లు వేరేవాళ్లు.

ఫలితం మెల్లగా బయటపడింది. 1977లో రెండు వాల్వుల బ్యూగిళ్లు వచ్చాయి. 2000లో ఏ శ్రుతి బ్రాస్ వాయిద్యమైనా సరేనన్నారు. దాంతో అప్పటిదాకా వాడిన జీ శ్రుతి బ్యూగిళ్లు మూలపడ్డాయి. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు వచ్చాయి. అభిమానులు దీన్ని అభిరుచుల తగాదాగా చూశారు. చిన్న ఊళ్ల కోర్‌లకు మాత్రం ఇది బిల్లుల తగాదా. కొత్త హార్న్‌లు, స్పీకర్లు, వాటిని మోసే ట్రక్కు, ఆ పని తెలిసిన మనిషి. ఇవన్నీ ఎవరు కొంటారు? 1970ల్లో వందల్లో ఉన్న కోర్‌లు నేడు కొన్ని పదులకు పడిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇది చిన్న కారణమూ కాదు.

మైకుల కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టింది క్యాడెట్స్ డైరెక్టర్ జార్జ్ హాప్కిన్స్. 2010లో ఏడు పెద్ద కోర్‌లు ‘జీ7’ పేరుతో ఆదాయంలో, అధికారంలో తమకు ఎక్కువ వాటా కావాలన్నప్పుడూ ఆయన ముందు వరసలోనే ఉన్నాడు. ఆ ఏడింటి జాబితాలో మూడు పేర్లు, కావలియర్స్, శాంటా క్లారా, క్యాడెట్స్, 1971 జాబితాల్లోనూ ఉన్నాయి. అప్పుడు సంఘాల పెత్తనం మీద తిరగబడ్డవాళ్లే ఇప్పుడు చిన్న కోర్‌ల ఓటు తమకు అడ్డమన్నారు. మిగతా కోర్‌లు ఒప్పుకోలేదు. చివరికి 2011 నుంచి ‘టూర్ ఆఫ్ చాంపియన్స్’ పేరిట పెద్ద కోర్‌లకు విడి ప్రదర్శనలిచ్చి సర్దుబాటు చేశారు. జీ7 వాదనేంటంటే, జనం టికెట్ కొనేది మా కోసమే కదా అని. అది నిజమే.

2018 ఏప్రిల్‌లో హాప్కిన్స్ రాజీనామా చేశాడు. తొమ్మిది మంది మహిళలు ఆయనపై లైంగిక వేధింపుల, దాడుల ఆరోపణలు చేశారని ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ రాసింది. ఆయన కాదన్నాడు. ఆ వెంటనే క్యాడెట్స్‌ను నడిపే సంస్థ బోర్డు కూడా తప్పుకుంది. మూడు దశాబ్దాలకు పైగా ఒకే మనిషి చేతిలో కోర్ ఉంటే, ఆయన్ని నిలదీయాల్సిన బోర్డు ఏం చేస్తోందన్న ప్రశ్నకు సూటి జవాబు ఎవరూ చెప్పలేదు. భద్రత నియమాలను డీసీఐ గట్టి చేసింది కూడా ఈ దుమారం తర్వాతే.

న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో పిల్లలున్న మన తెలుగు ఇళ్లకు ఈ ప్రపంచం కొంత తెలుసు. బ్యాండ్‌లో రాణించిన పిల్లలు ‘కోర్‌కు వెళ్తాం’ అంటారు. 21 ఏళ్ల వరకు అర్హత. రాత్రి బస్సులో, తెల్లవారుజామున ఏదో స్కూలు జిమ్ నేల మీద నిద్ర. ఇందుకు తల్లిదండ్రులు కట్టే ఫీజు పెద్ద కోర్‌లలో అయిదు వేల డాలర్లు దాటడం మామూలైపోయింది. అయినా డబ్బు చాలక శాంటా క్లారా అంతటిది 2023 సీజన్‌కు దూరంగా ఉండిపోయింది.

తూర్పున కూటమి కట్టిన అయిదింటిలో పోటీలో మిగిలింది బోస్టన్ క్రూసేడర్స్ ఒక్కటే. రూల్స్ మార్చాలంటే నేటికీ జనవరి సమావేశాల్లో ముందు శిక్షకులు, తర్వాత డైరెక్టర్లు ఓటేస్తారు. ఫీజు కట్టే తల్లిదండ్రులకు, మైదానంలో వాయించే పిల్లలకు ఆ గదిలో ఓటు లేదు.